తెలియక ఇచ్చిన దొంగనోటు: నేరం ఎక్కడ మొదలవుతుంది

కిలో మామిడిపండ్లు కొని వంద రూపాయల నోటు ఇచ్చినందుకు పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఆ కేసులో పండ్లమ్మే మనిషికి నోటు మీద అనుమానం వచ్చింది. మరో దుకాణదారుకు చూపించాడు, ఆయనా అనుమానించాడు, పోలీసులకు కబురు వెళ్లింది. కుర్రాడి దగ్గర అలాంటివే మరికొన్ని నోట్లు దొరికాయి. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2001లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేస్తూ చెప్పిన మాట క్లుప్తమైనదే: నోటు నకిలీదని తేలినంత మాత్రాన, దాన్ని ఇచ్చిన మనిషికి ఆ సంగతి తెలుసునని తేలినట్టు కాదు. పండ్లమ్మే మనిషి, దుకాణదారు దాన్ని గుర్తుపట్టగలిగారు కాబట్టి విద్యార్థి కూడా గుర్తుపట్టే ఉంటాడని కింది కోర్టులు ఊహించుకోవడం చెల్లదని ధర్మాసనం అభిప్రాయపడింది.

దొంగనోటు చేతికి రావడం నేరం కాదు, తెలియక దాన్ని మరొకరికి ఇవ్వడమూ నేరం కాదు అన్న సూత్రం చట్టం ప్రకారం ఇంత స్పష్టంగానే ఉంది. అయినా ఆ సూత్రం ఫలితం మనిషికి అందేది చివరలో, తీర్పు రోజున. కేసు మొదటి రోజున అతనికి ఎదురయ్యేది వేరే లెక్క. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే తెలియక ఇరుక్కున్నవారి కష్టమంతా ఉంది.

2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో ఈ నేరాలు 178వ సెక్షన్‌తో మొదలవుతాయి. నకిలీ నోటును ముద్రించడం 178 కిందకు, నకిలీ నోటును అసలుదిగా వాడడం, కొనడం, అమ్మడం, పుచ్చుకోవడం 179 కిందకు, అసలుదిగా చెలామణి చేసే ఉద్దేశంతో దగ్గర ఉంచుకోవడం 180 కిందకు వస్తాయి. పాత శిక్షాస్మృతిలో ఇవి 489ఎ, 489బి, 489సి సెక్షన్లు. 1860 నాటి అసలు చట్టంలో అవి లేవు. కాగితపు కరెన్సీ వాడకం పెరిగాక, 1899లో ప్రత్యేకంగా చేర్చారు. 179 కింద యావజ్జీవం గానీ పదేళ్ల వరకు జైలు గానీ, దాంతో పాటు జరిమానా పడవచ్చు. 180 కింద ఏడేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ విధించవచ్చు. మామిడిపండ్లు కొన్న మనిషికీ, సరిహద్దు దాటించి కట్టలు కట్టలుగా నోట్లు తెచ్చే ముఠాకూ 179వ సెక్షన్ ఒక్కటే. వాళ్లిద్దరినీ విడదీసేది ఆ సెక్షన్‌లో ఉన్న కొద్దిపాటి మాటలు: నకిలీదని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ.

ఇందులో మొదటి మాటతో పెద్ద చిక్కు లేదు. మనసులో ఏముందో ఎవరూ చూడలేరు కాబట్టి పోలీసులు ఎక్కువగా రెండో మాట మీదే ఆధారపడతారు. ‘నమ్మడానికి కారణం’ అంటే ఏమిటో చట్టమే నిర్వచించింది. నమ్మడానికి తగినంత కారణం ఉంటేనే అది ‘కారణం’, లేకపోతే కాదు. పైపైన చదివితే చెప్పిందే మళ్లీ చెప్పినట్టు కనిపించినా, ఇందులో ఒక కొలత ఉంది. జాగ్రత్తగా చూసుంటే తెలిసేదన్న వాదన ఈ కొలతకు సరిపోదు. అజాగ్రత్త వేరు, కారణం కళ్లముందు ఉన్నా నోటు నడిపించడం వేరు. కర్ణాటక నుంచి వచ్చిన రెండు రూపాయల నోట్ల కేసులో 1979లోనే సుప్రీంకోర్టు ఇదే గీత గీసింది. సగటు తెలివి ఉన్న మనిషి చూడగానే నకిలీదని పోల్చుకోగల స్థితిలో ఆ నోట్లు ఉన్నాయని ప్రాసిక్యూషన్ చూపించలేదు కనుక నిందితుడు విడుదలయ్యాడు.

ఇప్పటి 500 రూపాయల నోటుకు ఈ కొలతను పెట్టి చూస్తే వ్యవహారం ఆసక్తికరంగా మారుతుంది. రాతి బూడిద రంగు, వెనకవైపు ఎర్రకోట, 66 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవు వరకు నకిలీ తయారీదారుకు కష్టమేమీ కాదు. నోటును కాస్త వంచితే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. కింద కుడివైపున ఉన్న 500 అంకె కూడా అలాగే రంగు మారాలి. వెలుతురుకు పట్టి చూస్తే ఖాళీ జాగాలో గాంధీ నీడబొమ్మ, దాని పక్కన 500 అంకె కనిపించాలి. గాంధీ చిత్రం, అశోక స్తంభం, రెండు అంచుల్లోని గీతలు వేలికి తగలాలి. సీరియల్ నంబరు అంకెలు ఎడమ నుంచి కుడికి పెరుగుతూ పోవాలి. ఇవన్నీ రిజర్వు బ్యాంకు బహిరంగంగా ప్రచారం చేసిన గుర్తులే. అయితే సాయంత్రం పూట కూరగాయల సంతలో, ఒక చేత్తో తక్కెడ పట్టుకుని ఇంకో చేత్తో చిల్లర లెక్కపెట్టే మనిషి ఈ పరీక్షలన్నీ చేస్తాడని ఏ న్యాయమూర్తీ అనుకోలేడు. బ్యాంకు క్యాషియర్‌కు, బంగారు దుకాణం యజమానికి, పెట్రోలు బంకులో నోట్లు తీసుకునే కుర్రాడికి, పింఛను డబ్బు చేతికి వచ్చిన వృద్ధురాలికి ‘కారణం’ ఒకే ఎత్తులో ఉండదు. మనిషి వృత్తి, చదువు, వయసు, నోటు చేతులు మారిన వేళ కూడా సాక్ష్యంలో భాగమే.

మరి కోర్టులు ఎప్పుడు నేరబుద్ధిని ఊహిస్తాయి? ఒకే సీరియల్ నంబరుతో రెండు మూడు నోట్లు దొరికినప్పుడు సందేహం సహజంగానే బలపడుతుంది. అసలు నోట్లు జేబులో, నకిలీవి సంచి అడుగున విడిగా ఉన్నప్పుడు, ఒకే బజారులో నాలుగు దుకాణాల్లో ఇరవై రూపాయల వస్తువు కొని ప్రతిచోటా 500 నోటు ఇచ్చి చిల్లర పుచ్చుకున్నప్పుడు, అనుమానించి అడగ్గానే పరుగెత్తినప్పుడు, నోటు ఎక్కడిదంటే పూటకో కథ చెప్పినప్పుడు కూడా అంతే. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను నేరాన్ని రుజువు చేయదు. కానీ ఇవి ఒకదానికొకటి తోడై గొలుసుగా మారితే తెలియదన్న జవాబు నిలవదు. తప్పుడు నోటు ఒక్కటే దొరికి, మిగతా డబ్బంతా సక్రమంగా ఉండి, ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచీ ఒకే మాట చెప్పిన మనిషి విషయంలో ఆ గొలుసు కూర్చడం ప్రాసిక్యూషన్‌కు కష్టం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పోలీసు స్టేషన్‌లో భయంతో ‘తెలిసే ఇచ్చాను’ అని ఒప్పుకున్నా, పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడిపై సాక్ష్యంగా వాడకూడదు. కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ నియమం 23వ సెక్షన్‌లో కొనసాగుతోంది. కానీ దుకాణదారుతో వాదులాటలో ‘పొద్దున వాడెవడో తీసుకోలేదు, నువ్వైనా తీసుకో’ అని అన్న మాటకు ఆ రక్షణ లేదు. దుకాణదారు సాక్షిగా వచ్చి ఆ మాట చెప్తే, నోటు మీద అప్పటికే అనుమానం ఉందనడానికి అదే బలమైన ఆధారం. చిన్న కేసులు తరచు ఇలాంటి వాక్యం దగ్గరే నిలుస్తాయి లేదా కూలుతాయి.

నిర్దోషికి చట్టం చివరికి అండగా నిలుస్తుందన్న ధీమాకు మొదటి దెబ్బ ఎఫ్‌ఐఆర్‌లో రాసే సెక్షన్ అంకెతోనే తగులుతుంది. 180 కింద నేరం బెయిలు ఇవ్వదగినది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరం కాబట్టి, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాసుకోవాలి, లేకపోతే హాజరు కావాలని నోటీసు ఇచ్చి విచారించాలి. 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన ఈ పద్ధతి ఇప్పుడు నేర విచారణ పద్ధతికి సంబంధించిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. 179 చేరిందంటే పరిస్థితి తలకిందులవుతుంది. అది నాన్ బెయిలబుల్, యావజ్జీవం పడగల నేరం, విచారణ సెషన్స్ కోర్టులో. యావజ్జీవ శిక్షకు అవకాశమున్న నేరాల్లో బెయిలు ఇవ్వడానికి మేజిస్ట్రేటుకు ఉన్న అధికారం పరిమితం. స్త్రీలకు, రోగులకు, బలహీనులకు మినహాయింపులు ఉన్నా, ఆరోగ్యంగా ఉన్న కూలీ మనిషికి అవి వర్తించవు. అతను సెషన్స్ కోర్టు తలుపు తట్టేసరికి రిమాండ్‌లో రోజులు గడిచిపోతాయి. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 ఒక్కటే అయితే 60 రోజులు, 179 కూడా ఉంటే 90 రోజులు గడువు. ఆ గడువు దాటితేనే నిందితుడికి ఆ కారణంగా బెయిలు హక్కుగా వస్తుంది. దుకాణంలో నోటు ఇవ్వడం ‘అసలుదిగా వాడడం’ కిందకు వస్తుంది గనుక 179 రాయడం పోలీసులకు అలవాటైన పని. ‘తెలిసి’ అన్న మాటకు ఆ దశలో ఏ ఆధారమూ ఉండకపోయినా అంకె మాత్రం ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కేస్తుంది.

స్టేషన్‌కు చేరకముందు జరిగేది కూడా చిన్న విషయం కాదు. సంతలో దొంగనోటు పట్టుబడితే చుట్టూ గుంపు చేరుతుంది, అరుపులు, తోపులాట, ఒక్కోసారి చేయిచేసుకోవడం. ఆ గందరగోళంలో నోటు నాలుగు చేతులు మారుతుంది. తర్వాత పంచనామాలో రాసిన నోటు, మొదట ఇచ్చిన నోటు ఒకటేనా అన్నది విచారణలో పెద్ద ప్రశ్న అవుతుంది. సీరియల్ నంబరు అక్కడికక్కడే రాసి, మధ్యవర్తుల సంతకాలతో సీలు వేసిన పంచనామా నిజానికి నిర్దోషికి కూడా రక్షణే. ఆపైన నోటు నకిలీదా కాదా తేల్చేది నాసిక్‌లోని కరెన్సీ నోట్ ప్రెస్ వంటి ముద్రణాలయాల నిపుణులు గానీ ఫోరెన్సిక్ ప్రయోగశాలలు గానీ. ఆ నివేదిక నోటు గురించి మాత్రమే మాట్లాడుతుంది. మనిషికి తెలుసా లేదా అన్నది దాని పరిధి కాదు. అయినా నివేదిక రాగానే కేసు రుజువైపోయినట్టు మాట్లాడడం కోర్టు వరండాల్లో తరచు వినిపించే పొరపాటు.

తెలియక దొంగనోటుతో దొరికేవారిలో ఎక్కువమంది కథ బ్యాంకు కౌంటరు దగ్గర జరుగుతుంది. 2024-25లో దేశంలో బ్యాంకింగ్ వ్యవస్థ గుర్తించిన నకిలీ నోట్లు సుమారు 2.17 లక్షలు. అందులో సుమారు 1.18 లక్షలు 500 రూపాయల నోట్లే. మొత్తం నోట్లలో 95 శాతం దాకా పట్టుకున్నది రిజర్వు బ్యాంకు కాదు, మామూలు బ్యాంకు శాఖలు. అంటే ఎవరో ఒకరు తమ ఖాతాలో జమ చేయడానికి తెచ్చిన డబ్బులోనే ఇవి ఎక్కువగా బయటపడుతున్నాయి. దొంగనోటని తెలిసిన మనిషి దాన్ని మెషిన్ ఉన్న కౌంటరుకు, తన పేరు, ఖాతా నంబరు రాసిన జమ చీటీతో సహా తెస్తాడా అన్న ప్రశ్న వేసుకుంటే, ఈ లక్షల నోట్ల వెనక ఎక్కువగా ఎవరున్నారో ఊహించడం కష్టం కాదు.

రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం కౌంటరులో నకిలీ నోటు కనబడితే బ్యాంకు దానిపై నకిలీ నోటని ముద్ర వేసి స్వాధీనం చేసుకోవాలి. ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వకూడదు, చింపకూడదు, దాని విలువను ఖాతాలో జమ కట్టకూడదు. తెచ్చిన వ్యక్తికి నిర్ణీత నమూనాలో రసీదు ఇవ్వాలి. అతను సంతకం పెట్టనన్నా సరే రసీదు ఇవ్వవలసిందే. ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల వరకు దొరికితే నెలాఖరున పోలీసులకు కలిపి ఒక నివేదిక పంపితే చాలు. ఐదు గానీ అంతకు మించి గానీ దొరికితే వెంటనే పోలీసులకు పంపాలి, ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి. ఈ గీత ఆచరణకు అనువుగా పెట్టిందే తప్ప నేరానికి కొలత కాదు. పత్తి అమ్మి లక్షన్నర నగదు తెచ్చిన రైతు కట్టల్లో ఆరు దొంగనోట్లు ఉండడం, ఐదు వేలు జమ చేయవచ్చిన మనిషి దగ్గర నాలుగు ఉండడం పక్కపక్కన పెడితే అనుమానం ఎవరి మీద ఎక్కువ కలగాలి? నియమం మాత్రం రైతునే స్టేషన్‌కు పంపుతుంది.

ఆ రైతును కాపాడేది మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీ. ఫలానా తేదీన ఫలానా కమీషన్ ఏజెంటు ఇంత సరుకుకు ఇంత డబ్బు ఇచ్చాడన్న చీటీ ఉంటే, దర్యాప్తు అతని దగ్గర ఆగకుండా వెనక్కు నడుస్తుంది. కొత్త చట్టంలో 180వ సెక్షన్‌కు చేర్చిన వివరణ ఇక్కడే పనికొస్తుంది. నకిలీ నోటు చట్టబద్ధమైన మార్గంలో తన చేతికి వచ్చిందని నిరూపించుకుంటే దాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం కాదని ఆ వివరణ చెబుతోంది. పాత 489సిలో ఈ వాక్యం లేదు. మంచి మార్పే కానీ ఇందులో ఒక మెలిక ఉంది. నిరూపించుకోవాలన్న మాట భారాన్ని నిందితుడి భుజాల మీదకు నెడుతున్నట్టు వినిపిస్తుంది. తెలిసి ఉంచుకున్నాడని మొదట ప్రాసిక్యూషనే రుజువు చేయాలి, ఆ తర్వాతే ఈ వివరణ ప్రశ్న రావాలి అని చదవడమే సబబు. నగదు లావాదేవీలకు చీటీ ఉండని దేశంలో, ఇల్లిల్లూ తిరిగి పాలు పోసే మనిషి ఏ నోటు ఎవరిచ్చారో ఎలా నిరూపిస్తాడు? పైగా ఈ వివరణ 180కే పరిమితం. నోటును మరొకరికి ఇచ్చిన 179 కేసులో ‘తెలియదు’ అన్న పాత రక్షణే మిగులుతుంది.

ఏటీఎం నుంచి వచ్చిన నోటు గురించి ఒక్క మాట. ఏటీఎంలో నింపే ముందు నోట్లను యంత్రంతో పరీక్షించే బాధ్యత బ్యాంకుదే, అక్కడి నుంచి నకిలీ నోటు బయటకు వస్తే దాన్ని చెలామణి చేసే ప్రయత్నంగానే పరిగణిస్తామని రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీలోని ఒక ఏటీఎం ‘చిల్డ్రన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అని అచ్చేసిన రెండు వేల రూపాయల బొమ్మ నోట్లను ఇచ్చిన సంగతి చూస్తే ఆ ఆదేశం ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది. చిక్కల్లా ఆ నోటు ఆ యంత్రం నుంచే వచ్చిందని చూపించడం. అందుకే నోటును జేబులో పెట్టుకోకముందే అక్కడి సీసీ కెమెరాకు రెండు వైపులా చూపించి, కాపలాదారు ఉంటే చెప్పి, లావాదేవీ రసీదుతో అదే రోజు శాఖకు వెళ్లమని అనుభవజ్ఞులు చెబుతారు.

ఇంతవరకు చెప్పింది నిజంగా తెలియని వారి గురించి. అసలు ప్రమాదం దాని తర్వాతి మెట్టులో ఉంది. నోటు నకిలీదని తెలిసిన క్షణంలో సగటు మనిషికి మొదట తట్టేది చట్టం కాదు, పోయిన ఐదు వందలు. ఎవరో అంటగట్టారు కాబట్టి ఇంకెవరికో అంటగట్టవచ్చన్న లెక్క అది. చీకటిపడ్డాక పెట్రోలు బంకు, రద్దీ బస్సులో కండక్టరు, జాతరలో బొమ్మల దుకాణం ఇందుకు దొరికే చోట్లు. మరీ మొహమాటపడేవాళ్లు హుండీలో వేసి చేతులు దులుపుకుంటారు, ఆ డబ్బూ లెక్కింపు తర్వాత బ్యాంకుకే వెళుతుందన్న ఆలోచన లేకుండా. నష్టం తనది కాకుండా చూసుకోవడమే తప్ప ఇందులో మోసముందని వారికి అనిపించదు. చట్టం దృష్టిలో మాత్రం సరిగ్గా ఈ క్షణంలోనే బాధితుడు నేరస్థుడిగా మారతాడు. మొదటిసారి తెలియక పుచ్చుకున్నాడన్నది ఇక రక్షణ కాదు. తెలిశాక మళ్లీ ఇచ్చాడా లేదా అన్నదే ప్రశ్న.

విచిత్రమేమిటంటే, 1860 నాటి శిక్షాస్మృతి ఈ బలహీనతను గుర్తించింది. నాణేల విషయంలో 241వ సెక్షన్ ప్రత్యేకంగా ఇలాంటి మనిషి కోసమే ఉండేది. తీసుకున్నప్పుడు నకిలీదని తెలియక, తర్వాత తెలిసి మరొకరికి అంటగట్టినవాడికి రెండేళ్ల వరకు జైలు లేదా ఆ నాణెం విలువకు పది రెట్ల వరకు జరిమానా, లేదా రెండూ. అక్కడ ఎ, బి, సి, డి అనే నలుగురితో ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు. దొంగ నాణేలు తయారుచేసే ఎ వాటిని బికి ఇస్తాడు, బి తెలిసే కొనే సికి అమ్ముతాడు, సి సరుకు కొని డికి చెల్లిస్తాడు. డికి తెలియదు. తర్వాత తెలుసుకుని, మంచి రూపాయలన్నట్టు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. బి, సిలకు భారీ శిక్షల సెక్షన్లు, డికి మాత్రం ఈ చిన్న సెక్షనే. ఈస్టిండియా కంపెనీ రూపాయల కాలం నాటి ఆ డి ఇప్పటికీ ప్రతి బజారులో కనిపించే మనిషే. కానీ 1899లో నోట్ల సెక్షన్లు చేర్చినప్పుడు ఈ దయను నోట్లకు ఇవ్వలేదు. కొత్త సంహితలో నాణేలు, స్టాంపులు, నోట్లు అన్నిటినీ ఇవే సెక్షన్లలో కలిపినప్పుడు నాణేలకున్న ఆ మెట్టు కూడా పోయింది.

ఇతర దేశాల చట్టాలు ఈ మెట్టును ఉంచుకున్నాయి. జపాన్ శిక్షాస్మృతి 152వ అధికరణ ప్రకారం, చేతికి వచ్చాక నకిలీదని తెలిసి వాడినవాడికి ముఖవిలువకు మూడు రెట్ల వరకు జరిమానా పడుతుంది. ఫ్రాన్స్‌లో అదే పనికి 7,500 యూరోల వరకు జరిమానా. ఇంగ్లండులో 1981 నాటి చట్టం అసలుదని నమ్మించే ఉద్దేశంతో ఇవ్వడానికి పదేళ్ల వరకు, ఆ ఉద్దేశం రుజువు కాకుండా తగిన కారణం లేకుండా ఇవ్వడానికి రెండేళ్ల వరకు శిక్ష పెట్టింది. వీటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. ముఠా సభ్యుడినీ నష్టపోయి ఉక్రోషంతో తప్పు చేసినవాడినీ ఒకే గాటన కట్టకూడదు.

మన దగ్గర ఇప్పుడు ఆ తేడాకు మిగిలిన చోటు శిక్ష పరిమాణం ఒక్కటే. 179లో గరిష్ఠ శిక్ష ఉంది గానీ కనిష్ఠం లేదు. ఒకే ఒక్క నోటును తెలిసి అంటగట్టిన చిరువ్యాపారికి న్యాయమూర్తి అతి తక్కువ శిక్షతో సరిపెట్టవచ్చు. అయితే ఆ విచక్షణ పనిచేసేది సెషన్స్ కోర్టు విచారణంతా ముగిసి, దోషి అని తేల్చాక, శిక్ష ఖరారు చేసే రోజున. అప్పటిదాకా 1860 చట్టంలోని ఆ డి, ఈ రోజు అదే తప్పు చేస్తే, నోట్లు అచ్చువేసిన ముఠా నుంచి తెలిసే కట్టలు కొన్నవాళ్లతో సమానంగా యావజ్జీవం పడగల సెక్షన్ కింద, వాళ్లకు వర్తించే బెయిలు నియమాలతోనే నిలబడవలసి ఉంటుంది.